ఎర్ర బొడిపె కీబోర్డు

1. సోమవారం, మొదటి షిఫ్టు

మాటగది కీబోర్డు మీద మళ్ళీ ఎవరో నాచుజావ ఒలకబోశారు. తుడిచినట్టు నటించి పోయారు. 'ద' నొక్కితే లోపలికి పోయి అక్కడే కూర్చుంటోంది. గోరుతో పైకి లాగాలి. లాగితే గోటికి పచ్చటి జిగురు. వాంతి అయినంత పనైంది. అయినా ఈ డైరీ దీని మీదే రాస్తాను. నోటితో చెప్పి రాయించుకునే సౌకర్యం నాకూ ఉంది కానీ, ఆ సౌకర్యం మొహం మీద ఉమ్మెయ్యాలని ఉంది.

నిన్న దాన్ని పరీక్ష చేశాను. "ఈ జావ కన్న కుడితి నయం" అన్నాను. తెర మీద ఏం వచ్చిందో తెలుసా? "నేటి అల్పాహారం మరింత రుచికరంగా ఉండవచ్చు." నేనేనా ఆ మాట అన్నది? ఆ మాట అన్న ఆడమనిషి ఎదురుపడితే నేనే చెంప వాయిస్తాను.

యంత్రం పేరు తేనెమాట. నీడగూడెంలో ప్రతి హెల్మెట్‌లోనూ ఉంటుంది. మా తాతలు భూమి మీద బొగ్గు తవ్వారు. మేం చంద్రుడి మీద ఎండ పడని ఈ గుంటలో మంచు తవ్వుతున్నాం. సొరంగాల నుంచి మాటగదికి వచ్చే తీగ సన్నది. గొంతును మోయలేదు, అక్షరాలనే మోస్తుంది. అందుకని సొరంగంలో మనిషి మాట్లాడితే హెల్మెట్ దాన్ని అక్షరాలుగా మారుస్తుంది. మార్చి ఊరుకుంటే బాగుండేది. దానికి తల దువ్వి, పౌడరు రాసి, పువ్వు పెట్టి మరీ పంపుతుంది. ఆ అక్షరాలు చదివి ఎవరికి ఏం కావాలో చూడటం నా ఉద్యోగం.

మా తమ్ముడు ఓదెలును ఇవాళ నాలుగో సొరంగానికి మార్చారు. కొమురయ్య పని చేసిన చోటికి.

కొమురయ్య సంగతి కూడా రాయాలి. పోయిన నెల సొరంగంలో అతని గాలిగొట్టంలో మంచు పేరుకుంది. "గాలి ఒడుస్తున్నది" అన్నాడు. మా ఇళ్ళలో బియ్యం ఒడుస్తాయి, పని ఒడుస్తుంది, ముచ్చట ఒడుస్తుంది. అయిపోవడమే ఒడవడం, పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. తేనెమాటకు తెలియదు. దాని నిఘంటువులో ఆ మాట లేదు. దగ్గర్లో కనపడిన మాట పట్టుకొని "గాలి వీస్తున్నది. ఆహ్లాదంగా ఉంది" అని పంపింది. గొట్టం గాలి మొహానికి తగులుతోందంటే ఇక్కడ శుభవార్త. ఆ షిఫ్టుకు మాటగదిలో ఉన్న అమ్మాయి "సంతోషం" అని జవాబిచ్చింది.

మనిషి దక్కాడు. మాట దక్కలేదు. ఇప్పుడు భోజనశాలలో కూర్చుంటాడు, పెళ్ళాం రాధవ్వ చెంచాతో తినిపిస్తుంది. నోరు తెరుస్తాడు, మూస్తాడు. అంతే. విచారణలో "స్వల్ప సమాచార లోపం" అని తేల్చారు. ఆ 'స్వల్ప' అన్న మాట చూసి మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు.

ఆ మాటను నిఘంటువులో చేర్చమని భూమికి రాశాం. "సదరు పదం వాడుకలో లేదు" అని జవాబు. వాడుకునేవాళ్ళం ఇక్కడ చస్తున్నాం!

2. మంగళవారం

ఇవాళ గనుల అధికారి సువర్చల మేడం దగ్గర గంటసేపు నిలబడ్డాను. మనిషి చెడ్డది కాదు. అదే నా బాధ. చెడ్డదైతే తిట్టి పోయేదాన్ని. తేనెమాట అంటే ఆమెకు నిజంగా ప్రేమ. వారానికోసారి సొరంగాల మాటల్లోంచి ఒక మధురవాక్యం ఏరి భోజనశాల తెర మీద పెట్టిస్తుంది, చుట్టూ పూలబొమ్మలతో.

"నర్సమ్మ గారూ, ప్రమాదంలో 'గాలి అయిపోయింది' అనమని అందరికీ శిక్షణ ఇచ్చాం కదండీ. ఆ ఒక్క వాక్యం గుర్తు పెట్టుకోవడం కష్టమా?" అంది.

"మేడం, ఊపిరి ఆడనప్పుడు మనిషికి అమ్మ నేర్పిన మాటనే వస్తది. మీ ట్రైనింగు మాట రాదు."

తేనెమాటను తీసే అధికారం తనకు లేదంది. నాలుగో సొరంగంలో చేత్తో కొట్టి పంపడానికి ఒక కీబోర్డు పెట్టుకోవచ్చంది. ఒక్కటే. అక్కడ గోడకున్న పలక మీద అంతకంటే చోటు లేదు. ఏది పెట్టాలో నేనే ఎంచాలి. తప్పు ఎంచితే ఇంకొకటి ఇచ్చేది లేదు.

అంటే నా తమ్ముడి ఊపిరి ఇప్పుడు నేను ఏరుకొచ్చే కీబోర్డు మీద ఉంది.

నేరుగా సామాన్ల గదికి పోయాను. అక్కడ యాకూబ్ ఉంటాడు. పాత కీబోర్డులంటే పిచ్చి. వాటి గురించి అడిగితే చాలు, పెళ్ళిళ్ళ పేరయ్య అయిపోతాడు.

"అక్కా, కీబోర్డు జూసుడంటే సంబంధం జూసినట్టే. పిల్ల తెల్లగుంటె సరిపోదు, ఇంట్ల ఇముడుతదా లేదా అది జూడాలె" అంటూ ఒక పెద్దదాన్ని బల్ల మీద పరిచాడు. కుడిపక్క అంకెల గుంపు, దాని పక్కన మౌస్. తలుపంత ఉంది.

"ఇది పలక మీద పడుతదా?"

"సగం పడుతది."

"మిగిలిన సగం నువ్వు పట్టుకోని నిలబడుతవా?"

మౌస్ తిరగేసి చూశాను. పొట్ట కింద చంద్రధూళి, వెంట్రుకలు, ఏదో బంక కలిసి చిన్న ముద్దలా గట్టిపడి ఉంది. సొరంగంలో ధూళి ఇంతకు పదింతలు ఉంటుంది. అక్కడ మౌస్ నడవదు, పాకదు. విసిరేసి చేతులు తుడుచుకున్నాను.

రెండోది చిన్నది, కింద వేలితో రాసే పలక. గ్లౌజుతో రాస్తే కదలదట. "జర తడి జేస్తె కదులుతది" అని యాకూబ్ వేలు నాకి చూపించాడు. మాటగది తెర మీద రోజూ పొద్దున కనిపించే మచ్చలు ఎక్కడివో అప్పుడు అర్థమైంది. ఈ ఊళ్ళో అందరూ నాకి నాకి రాస్తున్నారన్నమాట. నాకు ఈ జన్మకు చాలు.

మూడోది చూడగానే ముక్కు మూసుకున్నాను. చిన్నగా, గట్టిగా, ఇటుకలా ఉంది. అంకెల గుంపు లేదు. కీల నట్టనడుమ కందిగింజంత ఎర్ర బొడిపె. ఎర్ర అంటున్నాను గానీ పైన నల్లగా జిడ్డు పేరుకొని, చెవిలోంచి తీసినట్టుంది.

"ఎవనిదిరా ఈ మురికి?"

"ఎవలదైతేందక్కా, రబ్బరు టోపీ మారుస్త. నువ్వు జర పట్టి జూడు."

పట్టకారుతో ఆ టోపీ పీకించి, పాత గ్లౌజు రబ్బరుతో కొత్తది కత్తిరించి తొడిగాక గానీ వేలు పెట్టలేదు. పెట్టాక మాత్రం ఒప్పుకోవాల్సి వచ్చింది. బొడిపె జరగదు. వేలితో ఎటు నెడితే తెర మీద బాణం అటు పోతుంది. మౌస్ అక్కర్లేదు, చోటు అక్కర్లేదు, తడి అక్కర్లేదు. చెయ్యి కీల మీద నుంచి లేవనక్కర్లేదు.

ఈ బాణం గోల ఎందుకంటే, సొరంగంలో అక్షరాలు కొట్టి పంపినా తేనెమాట వదలదు. పంపే తెర మీద మూలన ఒక గడి ఉంటుంది: 'నా మాటను మెరుగుపరచు'. అందులో టిక్కు ముందే పెట్టి ఉంటుంది. బాణంతో పోయి ఆ టిక్కు తీస్తేనే మన మాట మనలాగా వస్తుంది. ఒకసారి తీస్తే అయిపోదు. ఒక మాట పంపగానే సిగ్గులేకుండా మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

3. బుధవారం

బొడిపె సంబంధం కుదిరింది. ఇప్పుడు లోపలి గుణం చూడాలి. అదే కీబోర్డు యాకూబ్ దగ్గర మూడు రకాల స్విచ్చులతో ఉంది. ఎర్రవి చప్పుడు లేకుండా దిగిపోతాయి. గోధుమరంగువి మధ్యలో చిన్న తట్టు ఇస్తాయి. నీలివి టక్కుమంటాయి.

సొరంగపు గ్లౌజు తొడుక్కొని కూర్చున్నాను. లోపల ఎవరి చెమటో ఇంకా ఆరలేదు. ఆ చల్లటి తడిలో వేళ్ళు దూరుస్తుంటే ఒళ్ళు జలదరించింది. ఎర్రవాటి మీద చెయ్యి ఆనించానో లేదో 'కకకకకక' అని వరస కట్టింది. గోధుమవాటి తట్టు అంత మందం గ్లౌజు దాటి రాలేదు. కీ దిగిందో లేదో తెలియక రెండేసిసార్లు కొట్టాను. నీలివి గట్టివి. నొక్కాలంటే నిజంగా నొక్కాలి. దిగినప్పుడు టక్కు వేలి ఎముక దాకా తెలిసింది.

అంతలో మేడం వచ్చింది. చేతిలో అద్దం ముక్కలాంటిది.

"ఇది చూశారా నర్సమ్మ గారూ? కొత్తగా వచ్చింది. అక్షరాలు కొట్టనే అక్కర్లేదు. మీరు ఏమనుకుంటున్నారో ఊహించి వాక్యాలు ఇదే చూపిస్తుంది. నచ్చినది తాకితే చాలు."

తాకి చూశాను. మూడు వాక్యాలు వచ్చాయి. 'నేను బాగున్నాను.' 'పని సంతృప్తికరంగా ఉంది.' 'ధన్యవాదాలు.'

"చచ్చిపోతున్న అనే వాక్యం ఏది మేడం?"

"అలాంటివి ఎందుకండీ పెడతారు?" నిజంగానే ఆశ్చర్యపోయింది.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగిన వాడు గుర్తొచ్చాడు. వాడు కనీసం నిప్పు అడిగాడు. ఈమె పూలదండ తెచ్చింది.

నీలి స్విచ్చులది చూపించి ఇదే కావాలన్నాను. ఆమె రెండు కీలు నొక్కి మొహం చిట్లించింది. "మోటుగా ఉందండీ. ఇంత చప్పుడా? మెత్తగా ఉన్నది తీసుకోండి, చూడటానికి కూడా అదే బాగుంది."

"సొరంగంల గాలే లేదు మేడం, చప్పుడు ఎవరికి వినపడుతది? వేలికి తెలిస్తె చాలు."

యాకూబ్ అడ్డొచ్చి, మోటు పిల్లే కాపురం నిలబెడుతుందని తన పెళ్ళి సామెత ఏదో విసిరాడు. మేడం నవ్వింది. సంతకం పెట్టింది. పెడుతూ పెడుతూ, టిక్కు మాత్రం ముందుగా పెట్టే ఉంటుందని, అది నియమమని చెప్పింది. "తీసుకునే స్వేచ్ఛ మీకు ఉంది కదా" అని కూడా అంది. నా మొహం మీద వేసిన బురదను నేనే కడుక్కునే స్వేచ్ఛ!

4. శుక్రవారం

కీబోర్డు బిగించారు. పలక మీద సరిగ్గా పట్టింది. ధూళి పడకుండా యాకూబ్ పైన పలుచటి తొడుగు వేశాడు, బొడిపెకు మాత్రం కన్నం వదిలాడు.

ఓదెలుకు కోపం. చిన్నప్పటి నుంచి చేత్తో ఒక్క అక్షరం కొట్టినవాడు కాదు. మాటగదిలో పాత కీబోర్డు మీద కూర్చోబెట్టి నేర్పిస్తే, జిగురు అంటిన వేలు నా భుజానికే తుడిచాడు.

"నోరున్నంక ఇదెందుకే అక్కా నాకు?"

"కొమురయ్యకు లేకుండెనా నోరు?"

కూర్చొని నేర్చుకున్నాడు.

ఇవాళ మధ్యాహ్నం నాలుగో సొరంగం నుంచి మొదటి మాట వచ్చింది: "అక్క బువ్వల ఏం కూర". ఎంత వికారపు బతుకైనా ఆ ఒక్క నిమిషం నా కడుపు చల్లబడింది. ఆ మాటలో మా అమ్మ ఉంది. నాచు కూరే అని జవాబిచ్చాను. వెంటనే ఇంకొకటి వచ్చింది: "ఈ వంటకం విషయమై నాకు కొంత నిరాశ కలిగింది." దొంగముండాకొడుకు ఏమని తిట్టి ఉంటాడో నాకు తెలుసు. టిక్కు తీయడం మరిచిపోయాడు.

షిఫ్టు దిగాక చెవి పట్టుకున్నాను. "మల్లొకసారి జెప్పు. ముందు ఏంది?"

"ముందు టిక్కు, ఎనుక మాట."

"తిన్నదో లేదో చెప్పేటప్పుడు?"

"ముందు టిక్కు."

"సచ్చేటప్పుడు?"

"ముందు టిక్కేనే తల్లీ, చెవి ఇడువు!"

5. సోమవారం, రెండో షిఫ్టు

ఇది ఇప్పుడే రాయాలి.

మేడం ఈ వారం మధురవాక్యం ఏరుకోవడానికి మాటగదికి వచ్చింది. నా వెనక నిలబడి తెర మీదికి వంగింది. ఆమె రాసుకున్న అత్తరు, నా కీబోర్డు మీది కుళ్ళిన జావ వాసన కలిసి గదిలో నిలబడలేకుండా ఉంది. రెండో సొరంగం నుంచి "శ్రమలో సౌందర్యం ఉంది" అని వచ్చింది. అన్నవాడు ఎవడో నాకు తెలుసు. వాడు నడుం నొప్పి అని ఉంటాడు. మేడం దాన్ని రాసుకుంది.

అప్పుడు నాలుగో సొరంగం నుంచి రెండు ముక్కలు వచ్చాయి.

"గాలి ఒడి"

అంతే. చుక్క కూడా లేదు.

"అబ్బ!" అంది మేడం. "గాలి ఒడి! ఎంత బాగుందండీ. ఎవరిది, మీ తమ్ముడిదా? గాలి ఒడిలో... అమ్మ ఒడి లాగా! యంత్రం కూడా కాదు, చేత్తోనే కొట్టినట్టున్నాడే!"

చేత్తోనే కొట్టాడు. వాడికి ఆకలైతే బువ్వ అంటాడు, కోపమొస్తే బూతు అంటాడు. ఒళ్ళో పడుకోబెట్టినా వాడి నోట కవిత్వం రాదు. అది ఒడి కాదు. మధ్యలో ఆగిపోయిన మాట.

లేచి, ఆపద కోసం ఉంచిన రెండో గాలిగొట్టం మీట కిందికి గుంజాను. ఆ గొట్టం నాలుగు సొరంగాలకూ కలిపి ఉన్నది. అధికారి అనుమతి లేకుండా ముట్టకూడదు.

"నర్సమ్మ గారూ! ఏం చేస్తున్నారు?"

"గాలి ఒడిసింది! వానికి గాలి ఒడిసింది!"

"అదేమిటండీ, ఒడి అని కదా..."

"ఒడి గాదు మేడం! నీ ఒడి మీద మన్నువడ! గంట కొట్టుండ్రి!"

ఏమనుకుందో ఏమో, ఆమే పరిగెత్తి గంట కొట్టింది. అది మాత్రం ఒప్పుకోవాలి.

రక్షకులు బయటికి తెచ్చేసరికి ఓదెలు పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. హెల్మెట్ తీయగానే లోపలంతా వాంతి. వాడి మొహం నా కొంగుతో తుడిచాను. ఆ వాసనకు నాకు అసహ్యం వేయలేదు. ఈ మధ్య కాలంలో నాకు అసహ్యం వేయనిది అదొక్కటే. వాడు ఊపిరి తీస్తున్నాడు.

6. మంగళవారం

ఓదెలు పొద్దున కళ్ళు తెరిచాడు. మాట్లాడతాడా లేదా అని వాడి నోటి కేసే చూస్తూ కూర్చున్నాను.

"అక్కా" అన్నాడు. గొంతు గీరుకుపోయింది. "ముందు టిక్కు తీసిన."

ఏడ్చాను. ఇక్కడ దాచేదేం లేదు. ఉన్న నాలుగు ఊపిర్లలో రెండు ఆ బొడిపెను నెట్టడానికి ఖర్చు పెట్టాడు వీడు. బాణాన్ని ఆ మూలకు తోలి, టిక్కు పీకి, అప్పుడు మాట మొదలుపెట్టాడు. పంపే కీ మీదే పడిపోయాడట. టిక్కు తీయకపోతే ఆ రెండు ఊపిర్లతో మాట పూర్తి చేసేవాడు. ఆ పూర్తి మాట మాకు "గాలి వీచింది, ధన్యవాదాలు" అని వచ్చేది.

"ఆ నీలియే నయమే అక్కా" అన్నాడు కాసేపటికి. "కండ్లు కనవడలే. టక్కు టక్కు అని వేలికి తెలిసింది."

మధ్యాహ్నం భోజనశాలకు పోయాను. నిన్నటి తర్వాత మొదటిసారి ఆకలి వేసింది. గిన్నె పట్టుకొని కూర్చొని తల ఎత్తాను. ఎదురుగా తెర. పూలబొమ్మలు. మధ్యలో పెద్ద అక్షరాలు.

*గాలి ఒడి*

కింద చిన్నగా: ఓదెలు, నాలుగో సొరంగం. ఈ వారం మధురవాక్యం.

మేడం పెట్టించలేదట, తర్వాత వచ్చి కన్నీళ్ళతో చెప్పింది. తేనెమాటే దానంతటదే ఏరుకుందట. నా తమ్ముడి పీక నొక్కిన చోట పువ్వు పూయించింది. గిన్నె పక్కకు తోశాను. లోపలున్నది పచ్చగా ఊగింది. నాకు సయించలేదు.

పక్క బల్ల దగ్గర కొమురయ్య కూర్చొని ఉన్నాడు. రాధవ్వ చెంచా నోటి దగ్గర పెడితే తెరవడం లేదు. తెర కేసి చూస్తున్నాడు. గడ్డం మీది నుంచి జావ కారి బల్ల మీద మడుగు కట్టింది.

"ఏందయ్యా, తినవేంది?" అంది రాధవ్వ.

అతను చెయ్యి ఎత్తాడు. వేలు వచ్చి ఆ పచ్చటి మడుగులో ఆనింది. మెల్లగా కదిలింది. వంకరగా, పిల్లవాడు రాసినట్టు, రెండు అక్షరాలు తేలాయి.

*సింది*

రాధవ్వ తెర వైపు చూసింది, బల్ల వైపు చూసింది. కలిపి చదువుకుంది. చెంచా కింద పడింది.

తుడిచే మనిషి గుడ్డ పట్టుకొని వచ్చాడు. ఈ నీడగూడెంలో బల్ల మీద ఒలికిన జావను చూసి ఊరుకోనిది నేనొక్కదాన్నేనని అందరికీ తెలుసు. అతని చెయ్యి పట్టుకొని ఆపాను.

"ఉండనీ. అది తుడవకు."